కాళ్లలో రక్తం గడ్డలు: వారసత్వం ఎంత, సందర్భం ఎంత

ఒక కాలు వాచి రెండోది మామూలుగానే ఉంటే కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ చాలామందికి మొదట వచ్చే అనుమానం బోదకాలు. పిక్క నొప్పి కూడా తోడైతే నరం పట్టిందనో, వాతమనో అనుకుని నూనె రాసి గట్టిగా మర్దన చేయిస్తారు. పిక్కలోనో తొడలోనో లోతుగా ఉండే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చన్న ఆలోచన ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే ప్రాణాల మీదికి తెస్తుంది. గడ్డలోంచి ఒక ముక్క ఊడి, సిరల వెంట గుండె కుడి భాగానికి చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డం పడితే ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది, ఛాతీలో పోటు వస్తుంది, మనిషి స్పృహ తప్పి పడిపోవచ్చు. అలాంటి కాలిని మర్దన చేస్తే గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఒంటికాలి వాపు కొత్తగా, ఒకటి రెండు రోజుల్లో వచ్చిందంటే ముందు డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) తీయించాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

స్కాన్‌లో గడ్డ బయటపడి చికిత్స మొదలయ్యాక ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. ఎందుకొచ్చింది? పిల్లలకు కూడా వస్తుందా? వీటికి జవాబుగా ఇప్పుడు నగరాల్లోని ల్యాబ్‌లు ‘థ్రాంబోఫిలియా ప్యానెల్’ (గడ్డలు కట్టే స్వభావం ఉందేమో చూసే పరీక్షలు) పేరుతో ఒక కట్టను ముందుపెడుతున్నాయి. వేలల్లో ఖర్చవుతుంది. ఆ కట్టలో కొన్ని మనవాళ్లకు నిజంగా పనికొచ్చేవి, కొన్ని ప్రధానంగా యూరప్ జనాభాకు పనికొచ్చేవి, ఒకటి మాత్రం గడ్డల విషయంలో ఎవరికీ పనికిరానిది. అసలు రోగితో పది నిమిషాలు కూర్చుని, అమ్మ తరఫున నాన్న తరఫున ఎవరికి ఏ వయసులో కాలు వాచింది, ఎవరు ఉన్నట్టుండి ఆయాసంతో పోయారు అని అడిగితే దొరికే సమాచారం చాలాసార్లు ఆ కట్టలో దొరకదు.

కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలను బట్టి సిరల్లో గడ్డలు కట్టే స్వభావంలో దాదాపు సగం వారసత్వానిదేనని అంచనా. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చి ఉంటే మిగతావాళ్లకు ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఆ కుటుంబంలో ఇప్పటిదాకా తెలిసిన జన్యులోపం ఏదీ దొరక్కపోయినా ఈ పెరుగుదల ఉంటుంది. అంటే వైద్యశాస్త్రం ఇంకా గుర్తించని కారణాలు చాలానే ఉన్నాయి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చినంత మాత్రాన వారసత్వ ప్రమాదం లేదని కాదు. ప్యానెల్ రిపోర్టు చూసి ఊపిరి పీల్చుకున్న కుటుంబాలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రక్తానికి ఉన్న రెండు బ్రేకులు

గడ్డకట్టడం మనల్ని కాపాడే ఏర్పాటు. గాయం దగ్గర మొదలయ్యే రసాయన చర్యల వరస చివర థ్రాంబిన్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుంటే గడ్డ. అది గాయం దాటి ముందుకు పాకకుండా శరీరంలో రెండు బ్రేకులున్నాయి.

మొదటిది యాంటీథ్రాంబిన్. ఇది థ్రాంబిన్‌ను, దానికి ముందు మెట్టైన ఫ్యాక్టర్ 10 అనే ప్రొటీన్‌ను నేరుగా పట్టేసి పనిచేయకుండా చేస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ సొంతంగా గడ్డకట్టడాన్ని ఆపదు, ఈ యాంటీథ్రాంబిన్ వేగాన్ని దాదాపు వెయ్యి రెట్లు పెంచుతుంది. రెండో బ్రేకు మరింత విచిత్రం. గాయం లేనిచోట రక్తనాళం లోపలి పొర మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తాకగానే థ్రాంబిన్ పాత్ర మారిపోతుంది. గడ్డ కట్టించడం మాని ప్రొటీన్ సి అనే మరో పదార్థాన్ని చైతన్యపరుస్తుంది. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ సాయంతో, గడ్డకు ఊతమిచ్చే ఫ్యాక్టర్ 5ను, ఫ్యాక్టర్ 8ను ముక్కలు చేస్తుంది. గడ్డ కట్టించిన ఎంజైమే గడ్డను ఆపే పని కూడా మొదలుపెడుతుందన్నమాట. వారసత్వంగా వచ్చే ముఖ్యమైన లోపాల్లో ఎక్కువ భాగం ఈ రెండు బ్రేకుల దగ్గరే ఉంటాయి.

మరి కాళ్లలోనే ఎందుకు? ధమనుల్లో రక్తం ఒత్తిడితో పరుగెడుతుంది. పిక్కల్లోని సిరల్లో అది గురుత్వాకర్షణకు ఎదురు నడవాలి, పిక్క కండరం పిండినప్పుడల్లా కొంచెం కొంచెంగా పైకెక్కాలి. వెనక్కి జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. మనిషి కదలకుండా ఉంటే ఆ కవాటాల వెనక సంచుల్లాంటి చోట్ల రక్తం నిలిచిపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, గడ్డకు తొలి గింజ అక్కడే పడుతుంది. ఎడమకాలికి మరో ఇబ్బంది ఉంది. కటి దగ్గర కుడివైపు వెళ్లే ధమని ఎడమ సిర మీదుగా పోతూ దాన్ని వెన్నెముకకేసి నొక్కుతుంది. గర్భిణుల్లో గడ్డలు ఎక్కువగా ఎడమకాల్లోనే కనిపించడానికి ఇదొక కారణం.

నార్వే కుటుంబం నుంచి లైడెన్ దాకా

ఈ జబ్బు వంశంలో నడుస్తుందని డాక్టర్లు ఎప్పటినుంచో అనుమానించినా తొలి రుజువు 1965లో దొరికింది. నార్వేకు చెందిన ఒలావ్ ఎగెబెర్గ్, తరతరాలుగా గడ్డలు వస్తున్న ఒక కుటుంబంలో యాంటీథ్రాంబిన్ మామూలు స్థాయిలో సగమే ఉందని చూపించారు. 1981లో అమెరికాలో జాన్ గ్రిఫిన్ బృందం ప్రొటీన్ సి లోపాన్ని, 1984లో మరికొందరు ప్రొటీన్ ఎస్ లోపాన్ని గుర్తించారు. అయినా గడ్డలతో వచ్చే రోగుల్లో ఈ మూడు లోపాలూ కలిపి కొద్దిమందిలోనే తేలేవి.

1993లో స్వీడన్‌లోని మాల్మోలో బ్యోర్న్ డాల్‌బాక్ ఒక కేసు వివరాలు ప్రచురించారు. రోగికి మళ్లీమళ్లీ గడ్డలు, బంధువుల్లోనూ అదే చరిత్ర, తెలిసిన పరీక్షలన్నీ మామూలే. ఆ రోగి ప్లాస్మాలో చైతన్యవంతమైన ప్రొటీన్ సి కలిపి చూశారు. అలా కలిపితే గడ్డకట్టే సమయం పెరగాలి. పెరగలేదు. బ్రేకు నొక్కుతున్నారు, బండి ఆగడం లేదు. తర్వాతి ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో రోజియర్ బెర్టినా బృందం కారణం పట్టుకుంది. ఫ్యాక్టర్ 5లో 506వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట గ్లుటమిన్ ఉంది. ప్రొటీన్ సి కోత వేయాల్సిన చోటే అది. ఆ ఒక్క మార్పుతో ఫ్యాక్టర్ 5 ముక్కలు కావడం బాగా నెమ్మదిస్తుంది. దీనికే ఫ్యాక్టర్ 5 లైడెన్ అని పేరు. 1996లో అదే నగరం నుంచి ప్రోథ్రాంబిన్ (థ్రాంబిన్‌కు ముడిసరుకైన ప్రొటీన్) జన్యువులో 20210వ స్థానంలోని మార్పు బయటపడింది. అది ఉన్నవారి రక్తంలో ప్రోథ్రాంబిన్ మోతాదు పెరుగుతుంది, ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది.

ఫ్యాక్టర్ 5 లైడెన్ ఒక తల్లిదండ్రి నుంచే వస్తే ప్రమాదం సుమారు మూడు నుంచి ఐదు రెట్లు. ఇద్దరి నుంచీ వస్తే అంతకన్నా చాలా ఎక్కువ. ‘ఐదు రెట్లు’ అన్న మాట వినగానే గుండె జారుతుంది. కానీ అది ఏ అంకెకు ఐదు రెట్లో చూడాలి. సాధారణ జనంలో ఏడాదికి వెయ్యిమంది పెద్దవాళ్లలో సుమారు ఒకరికి ఈ జబ్బు వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్క, యువతలో అంతకన్నా బాగా తక్కువ. ఒక తల్లిదండ్రి నుంచి ఫ్యాక్టర్ 5 లైడెన్ వచ్చినవారిలో పదింట తొమ్మిదిమందికి జీవితకాలంలో గడ్డే రాదు.

1994లో లైడెన్ పరిశోధకులే ప్రచురించిన ఒక లెక్క ఈ మొత్తం విషయానికి ఆయువుపట్టు. సంతానం కలిగే వయసు స్త్రీలను నాలుగు గుంపులుగా చూశారు. ఈ జన్యువు లేక, గర్భనిరోధక మాత్రలు కూడా వాడనివారిలో ఏడాదికి పదివేలమందిలో 0.8 మందికి గడ్డలొచ్చాయి. మాత్రలు మాత్రమే వాడేవారిలో 3. జన్యువు మాత్రమే ఉన్నవారిలో 5.7. రెండూ ఉన్నవారిలో 28.5. 5.7కు 3 కలిస్తే 8.7 కావాలి కదా? ఇరవై ఎనిమిదిన్నర అయింది. జన్యువు దానంతటది పెద్దగా హాని చేయకుండా ఏళ్ల తరబడి ఉండగలదు. మాత్ర, కాన్పు, ఆపరేషన్, కాలికి వేసిన సిమెంటు కట్టు, నెలల తరబడి మంచాన పడటం లాంటిది తోడైతే రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. వారసత్వాన్ని మార్చలేం. సందర్భాన్ని చాలావరకు మార్చగలం, అందుకే వైద్యుడి శ్రద్ధా కుటుంబం శ్రద్ధా ముందు అక్కడ ఉండాలి.

యాంటీథ్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ లోపాలు వేరే తరగతి. ఇవి అరుదు, కానీ బరువైనవి. ఇప్పటికే గడ్డల చరిత్ర ఉన్న కుటుంబాల మీద నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనంలో, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉన్న బంధువుల్లో ఏడాదికి వందలో ఒకటిన్నర నుంచి ఇద్దరి దాకా తొలిసారి గడ్డలు వచ్చాయి. ఫ్యాక్టర్ 5 లైడెన్ ఉన్నవారిలో అది అర శాతమే. యాంటీథ్రాంబిన్ లోపం ఉన్నవారికి మామూలు మోతాదు హెపారిన్ సరిపోకపోవచ్చు కూడా. హెపారిన్ పనిచేయడానికి కావాల్సిన పదార్థమే రక్తంలో తక్కువ మరి.

మన రక్తంలో ఏముంది

ఫ్యాక్టర్ 5 లైడెన్ సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట ఒకే ఒక్క పూర్వీకుడి దగ్గర మొదలై వ్యాపించిందని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. యూరప్ మూలాలున్నవారిలో సుమారు ఇరవైమందిలో ఒకరికి ఉంటుంది. చైనా, జపాన్ ప్రజల్లో, ఆఫ్రికా మూలవాసుల్లో దాదాపు కనిపించదు. భారతదేశంలో ఉంది, కానీ యూరప్‌తో పోలిస్తే బాగా తక్కువ. ప్రోథ్రాంబిన్ మార్పు మన దేశంలో మరీ అరుదు. జపాన్‌లో ప్రొటీన్ ఎస్‌కు సంబంధించిన వేరే మార్పు ఉంది, సుమారు యాభై ఐదు మందిలో ఒకరికి కనిపిస్తుంది, యూరప్‌వాళ్లలో అది కనిపించదు. ఏ జనానికి ఆ జనపు జన్యువులే ఉంటాయి. లైడెన్‌లో కనిపెట్టిన రెండు జన్యువులను విజయవాడలోనో వరంగల్‌లోనో ప్రతి రోగికీ పరీక్షించి, అవి లేవని తేలగానే ‘మీకు వంశపారంపర్య దోషం లేదు’ అని రాసివ్వడం శాస్త్రీయంగా తప్పు.

మన దగ్గర అందరికీ తెలిసి ఉండి, ఎవరూ పట్టించుకోని వారసత్వ కారణం ఒకటుంది. అది బ్లడ్ గ్రూపు. ఓ గ్రూపు వారితో పోలిస్తే ఎ, బి, ఎబి గ్రూపుల వారికి సిరల్లో గడ్డల ప్రమాదం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఓ గ్రూపు వారిలో దాదాపు పాతిక శాతం తక్కువగా ఉంటుంది, దాని వెన్నంటి ఉండే ఫ్యాక్టర్ 8 కూడా తగ్గుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఓ గ్రూపు వారికి గడ్డలు తక్కువని 1969లోనే గమనించారు. ఫ్యాక్టర్ 5 లైడెన్ కనిపెట్టడానికి పాతికేళ్ల ముందు మాట ఇది. మన జనాభాలో పదిమందికి ఆరుగురు ఓ కాని గ్రూపుల వారే. ఒక్కొక్కరి ప్రమాదం కొద్దిగానే పెరిగినా ఇంతమందిలో ఉండటం వల్ల మొత్తం జబ్బులో దీని వాటా పెద్దది. ఎ గ్రూపో బి గ్రూపో అయినందుకు ఎవరూ మందులు వేసుకోనక్కర్లేదు. అయితే తల్లికి కాన్పు తర్వాత గడ్డ వచ్చింది, కూతురు బి గ్రూపు, బరువు ఎక్కువ, ఇప్పుడు హార్మోన్ మాత్రలు మొదలుపెట్టబోతోంది అన్నప్పుడు ఆ గ్రూపు కూడా లెక్కలోకి రావాలి. దానికి కొత్త పరీక్ష అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్సు మీద అచ్చయి ఉంటుంది.

సికిల్ సెల్ మరొకటి. అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆదిలాబాద్ లాంటి ప్రాంతాల ఆదివాసీల్లో ఈ జన్యువు ఉంది. జబ్బు పూర్తిగా ఉన్నవారికి కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డల ముప్పు ఎక్కువ. ఒక్క జన్యువే ఉండి ఆరోగ్యంగా కనిపించే వారిలో కూడా ఊపిరితిత్తుల గడ్డల ప్రమాదం కొంత పెరుగుతుందని అమెరికాలోని నల్లజాతి ప్రజల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో కార్డులు ఇస్తున్నారు. ఏజెన్సీలో గర్భిణికి కాలు వాస్తే ఆ కార్డు కూడా చూడాలి.

ఇక మేనరికాలు. ప్రొటీన్ సి లోపం ఒక పక్క నుంచే వస్తే చాలామందికి లక్షణాలే ఉండవు. అలాంటి లోపమే ఉన్న మేనమామ కొడుకుతోనో మేనత్త కొడుకుతోనో పెళ్లయితే, ఇద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలా పుట్టిన బిడ్డకు గంటల్లోనో రోజుల్లోనో ఒంటి మీద ఊదారంగు మచ్చలు లేచి నల్లబడతాయి, చిన్న రక్తనాళాలన్నీ గడ్డలతో మూసుకుపోతాయి. వెంటనే గుర్తించి ప్లాస్మా ఎక్కించకపోతే బిడ్డ దక్కదు. ఇది లక్షల కాన్పుల్లో ఒకచోట కనిపించేంత అరుదు. కానీ దక్షిణాదిలో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి మనకు పాశ్చాత్య అంకెలు యథాతథంగా వర్తించవు. అలాంటి బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో తల్లిదండ్రులిద్దరికీ, వారి తోబుట్టువులకూ ప్రొటీన్ సి పరీక్ష చేయడం నిజంగా అవసరమైన పని.

రిపోర్టులో కిందికి చూపే బాణం

పరీక్ష ఎప్పుడు చేశారన్నది, ఏం పరీక్ష చేశారన్నంత ముఖ్యం. తరచుగా జరిగేది ఇది. పిక్క వాచి ఒక బాలింత ఆసుపత్రిలో చేరుతుంది. అదే రోజు హెపారిన్ మొదలవుతుంది. రెండోరోజు రక్తం తీసి ప్యానెల్ పంపుతారు. నాలుగోరోజు రిపోర్టు వస్తుంది: ప్రొటీన్ ఎస్ 38 శాతం, పక్కన కిందికి బాణం గుర్తు. యాంటీథ్రాంబిన్ కూడా కాస్త తక్కువ. ఫైలు మీద ‘ప్రొటీన్ ఎస్ లోపం’ అని రాస్తారు, జీవితాంతం మందు వాడాలంటారు, పుట్టింటివారి వంశం మీద అనుమానం పడుతుంది.

ఆ 38 శాతానికి వంశంతో సంబంధం లేకపోవచ్చు. గర్భంలో, కాన్పయిన తొలి వారాల్లో ప్రొటీన్ ఎస్ సహజంగానే పడిపోతుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతోనూ తగ్గుతుంది. కొత్త గడ్డ కట్టేటప్పుడు ఈ ప్రొటీన్లు మూడూ ఖర్చవుతాయి. హెపారిన్ యాంటీథ్రాంబిన్‌ను తగ్గిస్తుంది. వార్ఫరిన్, మన దగ్గర ఎక్కువగా వాడే ఎసిట్రోమ్, విటమిన్ కెను అడ్డుకునే మందులు. ప్రొటీన్ సి, ఎస్ తయారవడానికి విటమిన్ కె కావాలి కాబట్టి ఆ మందులు వాడేవారందరిలో ఇవి తక్కువగానే ఉంటాయి. కాలేయం దెబ్బతిన్నా అంతే. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మందులు కొన్ని పరీక్షల్లో ఇందుకు వ్యతిరేకంగా పనిచేసి, లోపం ఉన్నా లేనట్టు చూపించగలవు. అందుకే ఈ ప్రొటీన్ల పరీక్షలు గడ్డ తగ్గాక, కనీసం మూడు నెలల చికిత్స ముగిశాక, డాక్టర్ సలహాతో మందు ఆపి కొన్ని వారాల విరామం ఇచ్చి చేయాలి. తక్కువ వస్తే మళ్లీ ఒకసారి చేసి నిర్ధారించుకోవాలి. పరీక్ష కోసం సొంతంగా మందు ఆపుకోవడం మాత్రం ప్రాణాంతకం. ఫ్యాక్టర్ 5 లైడెన్ లాంటి జన్యు పరీక్షలకు ఈ గొడవ లేదు, ఎప్పుడు చేసినా ఫలితం ఒకటే.

ప్యానెల్‌లో ఎవరికీ పనికిరానిది అన్నది ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యు పరీక్ష. రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం పెరగడానికి ఈ జన్యువులోని మార్పు కొంత కారణమని, హోమోసిస్టీన్ వల్ల గడ్డలని ఒకప్పుడు అనుకున్నారు. పెద్ద అధ్యయనాలు చేశాక ఈ మార్పుకూ సిరల గడ్డలకూ సంబంధం తేలలేదు. అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంఘం 2013లోనే గడ్డల కోసం ఈ పరీక్ష చేయొద్దని చెప్పింది. ఈ మార్పు కోట్లమందిలో మామూలుగా ఉంటుంది కాబట్టి ‘పాజిటివ్’ అని రావడం తేలిక, భయపడటం ఇంకా తేలిక. హోమోసిస్టీన్ సంగతి కాస్త వేరు. బి12 తక్కువైతే అది పెరుగుతుంది, ఆ లోపం మన దగ్గర, ముఖ్యంగా శాకాహారుల్లో ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు మెదడు సిరల్లో గడ్డలు వచ్చిన 428 మంది వివరాలను 2012లో ప్రచురించినప్పుడు రక్తహీనత, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉండటం, గర్భనిరోధక మాత్రలు, బాలింత దశ తరచుగా కనిపించిన కారణాల్లో ఉన్నాయి. కాబట్టి బి12 చూసుకుని లోపముంటే సరిచేసుకోవాలి, అది ఎలాగూ కావాల్సిందే. దానికోసం జన్యు పరీక్ష అక్కర్లేదు.

గర్భస్రావాల విషయంలో ఈ ప్యానెల్ చేస్తున్న చేటు మరీ బాధాకరం. రెండు మూడుసార్లు గర్భం నిలవని స్త్రీకి ఈ పరీక్షలు చేసి, ఏదో ఒక బాణం గుర్తు చూపించి, తొమ్మిది నెలలూ రోజూ పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్లు వేయిస్తున్నారు. పొట్టంతా కమిలిపోయినా బిడ్డ కోసమని ఓర్చుకుంటారు. దీన్ని సూటిగా తేల్చడానికి ఐదు దేశాల్లో ‘ఎలైఫ్ 2’ అనే ప్రయోగం జరిగింది, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. గర్భస్రావాల చరిత్రతో పాటు వారసత్వ లోపం కచ్చితంగా ఉన్న 326 మంది అందులో చేరారు. ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో 72 శాతం మందికి, తీసుకోనివారిలో 71 శాతం మందికి బిడ్డలు పుట్టారు. తేడా లేదు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (శరీరం తనమీద తానే యాంటీబాడీలు తయారుచేసుకోవడం వల్ల గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవారి సంగతి వేరు, వారికి గర్భంలో ఆస్పిరిన్, హెపారిన్ నిజంగా మేలు చేస్తాయి. అయితే అది వారసత్వంగా వచ్చేది కాదు, పుట్టాక జీవితంలో ఎప్పుడో మొదలయ్యేది. ప్యానెల్‌లో పక్కపక్కన ఉండటం వల్ల రెండూ ఒకటే అనుకుంటున్నారు. తల్లికి స్వయంగా గడ్డ వచ్చిన చరిత్ర ఉంటే ఆమె ప్రాణం కోసం ఇంజెక్షన్లు వేయించాలి, అందులోనూ సందేహం లేదు.

సందర్భాలు మన ఇళ్లలోనే

కాన్పయిన తొలి ఆరు వారాలు, సంతానం కలిగే వయసు స్త్రీకి గడ్డల ప్రమాదం బాగా ఎక్కువగా ఉండే కాలం. గర్భం లేని, మాత్రలు వాడని స్త్రీలలో ఏడాదికి పదివేలలో ఒకరి నుంచి ఐదుగురికి గడ్డలొస్తే, ఆ వారాల్లో అదే లెక్కన 40 నుంచి 65 మందికి వస్తాయి. సరిగ్గా అప్పుడే మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వరు, కొన్నిచోట్ల పచ్చి ఒళ్లని చెప్పి నీళ్లు కూడా తగినన్ని తాగనివ్వరు. సిజేరియన్ అయితే ఆపరేషన్ ప్రమాదం కూడా తోడు. ఇంట్లో ఎవరికైనా గడ్డల చరిత్ర ఉంటే పథ్యం పేరుతో నీళ్లు ఆపడం, రోజుల తరబడి పడుకోబెట్టడం ఆ బాలింతకు కీడే చేస్తాయి. లేపి నాలుగడుగులు నడిపించాలి. ప్రేమతో చేసే కట్టడే అయినా ఇక్కడ మొహమాటం పనికిరాదు.

నెలసరి వాయిదా వేసే మాత్రల గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పాలి. వరలక్ష్మీ వ్రతం, తిరుమల ప్రయాణం, ఇంట్లో పెళ్లి, ఏది వచ్చినా మెడికల్ షాపుకు వెళ్లి చీటీ లేకుండా కొనుక్కుంటారు. సాధారణంగా అది 5 మిల్లీగ్రాముల నోరెథిస్టెరోన్, రోజుకు మూడు. ఇది ప్రొజెస్టెరాన్ జాతి మందు కాబట్టి ఈస్ట్రోజెన్ ప్రమాదం లేదని చాలామంది నమ్మకం. నిజానికి శరీరంలో దీనిలో కొంత భాగం ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వాడితే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉన్న మామూలు గర్భనిరోధక మాత్ర వేసుకున్నంత పని అవుతుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ పైన చెప్పిన నాలుగు గుంపుల లెక్కలో చివరి గుంపులో ఉన్న అమ్మాయికి, తాను ఆ గుంపులో ఉన్నానని తెలియదు. షాపులో ఎవరూ ‘మీ అమ్మకు కాలు వాచిందా’ అని అడగరు. ఆ ఒక్క ప్రశ్న అడిగే డాక్టర్ చీటీ మీదే ఈ మాత్రలు అమ్మాలి. ఇంట్లో చరిత్ర ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌గా మారని వేరే మందులున్నాయి.

అమెరికాలో కూతురి పురుడు కోసమో మనవడి కోసమో బయల్దేరే అరవై ఏళ్ల తల్లిదండ్రులది మరో సందర్భం. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో మధ్యలో ఒక మజిలీతో ఇరవై గంటల పైమాటే. నాలుగు గంటలు దాటిన ప్రయాణం, విమానమైనా బస్సయినా, గడ్డల ప్రమాదాన్ని దాదాపు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. ఆరోగ్యవంతుల్లో అది సుమారు ఆరువేలమందిలో ఒకరికే. అంతకుముందు గడ్డ వచ్చినవారికి, ఈ మధ్యే మోకాలి మార్పిడి చేయించుకున్నవారికి, వారసత్వ లోపం ఉన్నవారికి అంతకన్నా ఎక్కువ. వీళ్లు ప్రయాణానికి రెండు వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. కొందరికి బిగుతు మేజోళ్లు చాలు, కొందరికి ఒక ఇంజెక్షన్ అవసరమవుతుంది. నిద్రమాత్ర వేసుకుని కిటికీ పక్కన ముడుచుకుని పడుకోవడం ఎవరికీ మంచిది కాదు.

జన్యువు తెలిస్తే చికిత్స మారుతుందా

గడ్డ వచ్చిన కొత్తల్లో దాదాపుగా మారదు. ఏ లోపం ఉన్నా లేకున్నా కనీసం మూడు నెలలు రక్తం పలుచబడే మందు వాడాల్సిందే. మినహాయింపులు కొన్నే. ప్రొటీన్ సి లోపం ఉన్నవారికి హెపారిన్ తోడు లేకుండా నేరుగా వార్ఫరిన్ మొదలుపెడితే చర్మం నల్లబడి కుళ్లే ప్రమాదముంది, యాంటీథ్రాంబిన్ లోపంలో హెపారిన్ మోతాదు చూసుకోవాలి. మూడు నెలల తర్వాత ఆపాలా కొనసాగించాలా అన్నది ప్రధానంగా గడ్డ ఎలా వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. తుంటి ఆపరేషన్ తర్వాత వచ్చిన గడ్డ మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. అందుకే ఆపరేషన్, పెద్ద గాయం లాంటి స్పష్టమైన కారణంతో గడ్డ వచ్చినవారికి ఈ పరీక్షలు చేయొద్దని అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ 2013లో సూచించింది. ఏ కారణమూ లేకుండా వచ్చిన గడ్డ సంగతి వేరు. మందు ఆపితే మొదటి ఏడాదిలో వందలో పదిమందికి, ఐదేళ్లలో పాతికమందికి, పదేళ్లలో ముప్పై ఆరుగురికి మళ్లీ వస్తుంది. ఫ్యాక్టర్ 5 లైడెన్ ఒక్కటి ఉన్నంత మాత్రాన ఈ అంకె పెద్దగా మారదు, లేదని తేలినా తగ్గదు.

పరీక్ష అర్థవంతమయ్యేది కొన్ని ఇళ్లలోనే. యాభై ఏళ్లలోపు ఏ కారణమూ లేకుండా గడ్డ వచ్చి, అన్నదమ్ముల్లోనో తల్లిదండ్రుల్లోనో మరొకరికీ వచ్చి ఉంటే ప్రొటీన్ సి, ఎస్, యాంటీథ్రాంబిన్ సరైన సమయంలో చూడటం మంచిది. వింతైన చోట్ల, పేగుల సిరల్లోనో మెదడు సిరల్లోనో గడ్డ వచ్చినా రక్తవ్యాధుల నిపుణులను కలవాలి. ఆ మూడింట్లో ఒకటి నిర్ధారణ అయితే తోబుట్టువులను, పిల్లలను పరీక్షించే ప్రశ్న వస్తుంది. కొడుకులకు తొందరలేదు, ఆపరేషన్లప్పుడు, ఎముక విరిగినప్పుడు జాగ్రత్తపడితే చాలు. కూతుళ్లకు ముందుగా తెలిస్తే మేలు, గర్భనిరోధక పద్ధతి ఏది ఎంచుకోవాలో, గర్భంలో ఇంజెక్షన్లు కావాలో లేదో దాన్నిబట్టి నిర్ణయించొచ్చు. లక్షణాలేవీ లేని చిన్నపిల్లలకు, అయిదారేళ్ల వయసులోనే పరీక్ష చేయించి పెళ్లి సంబంధాల దాకా వెంటాడే ముద్ర వేయాల్సిన పని లేదు. హార్మోన్ మాత్ర అవసరమయ్యే వయసు వచ్చాక, ఆ అమ్మాయికి విషయం వివరించి ఆమె ఇష్టంతో చేయించినా ఆలస్యమైనట్టు కాదు.